వ్యాసమునకు ప్రతిజ్ఞ

పై తరగతుల విద్యార్థులు వ్రాయు వ్యాసములను దిద్దువారికి ఒక సంగతి చిరపరిచితము. అక్షరములు గుండ్రముగా నుండును. సామెతలు సమయమునకు వచ్చి పడును. పేరాలు యథావిధిగా నడచును. అంతయు చదివిన పిమ్మట, ఈ బాలుడు ఏమనుచున్నాడని ప్రశ్నించుకొన్నచో మాత్రము ప్రత్యుత్తరము దొరకదు. సెల్‌ఫోనును గూర్చి వ్రాయుమనినచో, దానివలన లాభములు కలవనియు, నష్టములు కూడ కలవనియు, కావున మితముగా వాడుకొనవలయుననియు వ్రాసి ముగించును. సెల్‌ఫోను అను మాటను కొట్టివేసి ఆ స్థానమున సినిమా యనియో, విద్యుచ్ఛక్తి యనియో, ఆవకాయ యనియో వ్రాసినను ఆ వ్యాసమునకు లేశమాత్రమైనను హాని కలుగదు.

ఇట్టి వ్యాసములకు మంచి మార్కులే వచ్చుచున్నవి. ఇది పిల్లల దోషము కాదు. వ్యాసమనగా ఇదియే యని పెద్దలమే వారికి నేర్పుచున్నామని నా యభిప్రాయము. వాదరూపమైన వ్యాసమునకు మొట్టమొదట కావలసినది ఒక్క వాక్యము. తాను దేనిని స్థాపింపబూనెనో రచయిత ఆ వాక్యమున చెప్పవలయును. దానినే మన తార్కికులు ప్రతిజ్ఞ యనిరి. ఉదయమున వరుసలలో నిలిచి, 1962లో పైడిమర్రి వేంకట సుబ్బారావుగారు తెలుగున రచించిన ప్రతిజ్ఞను చెప్పు బాలబాలికలకు ఆ పదమునకు ఒట్టు అను అర్థము తెలియును. ఈ రెండవ యర్థము కూడ తెలియవలసియున్నది.

గౌతముని న్యాయశాస్త్రమున, పరులను ఒప్పింపజూచు వాక్యసముదాయమునకు అయిదు అవయవములు చెప్పబడినవి. ఆ కొండమీద నిప్పున్నది, ఇది ప్రతిజ్ఞ. పొగ యున్నది గనుక, ఇది హేతువు. పొగ యున్నచోటనెల్ల నిప్పుండును, వంటయింటిలో వలె, ఇది ఉదాహరణము. ఆ కొండయు అట్టి పొగ గలదియే యనుట ఉపనయము. కావున అచట నిప్పున్నదనుట నిగమనము. తర్కసంగ్రహము చదివిన బాలురందరు ఈ కొండను, ఈ పొగను తరతరములుగా వల్లించిరి. ఆ గ్రంథకర్తయగు అన్నంభట్టు తెలుగువాడని పండితులు చెప్పుదురు.

ఆ యుదాహరణమున కొండయే యేల? అచట నిప్పున్నదో లేదో సందేహము గనుక. సందేహమున్నచోటనే వాదమునకు పని. వంటయింటిలో నిప్పున్నదని నిరూపింపబూనిన తార్కికుని చూచి వంటలక్క నవ్వును. చెరువులో నిప్పున్నదని నిరూపింపబూనిన వానిని చూచి ఊరంతయు నవ్వును. మన పిల్లల వ్యాసములలో పెక్కు వంటయింటి నిప్పును నిరూపించుచున్నవి. విద్యవలన మేలు కలుగును, పరిశుభ్రత అవసరము, కాలము విలువైనది: వీనిని కాదనువాడెవడు? కొందరు ఉత్సాహవంతులు చెరువువైపు పోయి, సెల్‌ఫోను మానవజాతిని సర్వనాశనము చేసినదని వ్రాయుదురు. తెలివిగల ప్రతిపక్షి ‘కాదు’ అనుటకును, ఆలోచించిన పిమ్మట ‘ఔను’ అనుటకును వీలున్న వాక్యమే ప్రతిజ్ఞ యగును.

ఇది పాఠశాలకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. 1879వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున స్త్రీ పునర్వివాహమును గూర్చి ఉపన్యసించిరి. బాలవితంతువుల స్థితి దుర్భరమని మాత్రము చెప్పి యూరకుండినచో, సభికులు కన్నులు తుడుచుకొని ఇండ్లకు పోయియుందురు. ఆ సంగతి ప్రతిపక్షులకును తెలిసినదే. వారి నోట నున్న మాట వేరు: శాస్త్రము అంగీకరింపదనుట. కావున పంతులుగారు అచటనే నిలిచి, శాస్త్రము దీనిని నిషేధింపలేదని వాదించిరి. అంతకు పూర్వము వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పరాశరస్మృతిని ఆధారముగా గొని ఇట్లే వాదించియుండెను. 1856లో పునర్వివాహపు చట్టము వచ్చెను. ఇట్టి ప్రతిజ్ఞను కాదనవలెననినచో ఎదుటివాడు జాలి చూపినంత మాత్రమున చాలదు, గ్రంథములు విప్పవలయును. పండితులు విప్పిరి, ఖండనములు వచ్చెను, పంతులుగారు బదులు చెప్పిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగెను. ఒక్క వాక్యమే దానిని జరిపించినదని నేననను. పైడా రామకృష్ణయ్యగారి ధనసాహాయ్యము, విద్యార్థుల తోడ్పాటు లేనిదే అది జరుగకపోవును. కాని ఏ మాటను గెలువవలయునో ముందుగా ఏర్పరచుకొననిచో, ఆ ధనము, ఆ తోడ్పాటు ఏ దిక్కునకు పోయియుండును?

వ్యాసరచనను గూర్చియే మన దేశమున ఒక గొప్ప వివాదము నడచినది. విద్యార్థుల తెలుగు వ్యాసములు గ్రాంథికముననే యుండవలెనా, శిష్టుల వాడుకభాషలో నుండవచ్చునా యని మద్రాసు విశ్వవిద్యాలయమున చర్చ జరిగినప్పుడు, గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష తీయనిదని చెప్పి తృప్తిపడలేదు. పూర్వులు గద్యమున వ్యావహారికమును వాడియుండిరనిరి. వాడిన చోట్లను ఏరి గద్యచింతామణి యందు కూర్చిరి. జయంతి రామయ్య పంతులుగారి పక్షము కూడ అంత స్పష్టముగనే యుండెను. వారు ఒకరినొకరు నొప్పించుకొనిరి గాని, ఎవరేమనుచున్నారో తెలియక చదువరి తికమకపడవలసిన పని లేకుండెను. ఈ మాటలను గ్రాంథికమున వ్రాయుచున్నందుకు గిడుగువారి అభిమానులు నన్ను మన్నింతురు గాక.

ఇక ఆ సెల్‌ఫోను కడకు మరల వత్తము. సెల్‌ఫోను హానికరమని వ్రాసినచో అది ప్రతిజ్ఞవలె కనబడును; కాని ఎవరికి, ఎప్పుడు, ఏ విధముగా అని అడిగినంతనే చెదరిపోవును. పాఠశాలలో దానిని నిషేధింపవలయుననుట కొంత మేలు. ఐనను హేతువు లేదు. ఇట్లు వ్రాసి చూడుడు: ‘పదవ తరగతి విద్యార్థి తాను పండుకొను గదిలో రాత్రివేళ సెల్‌ఫోను ఉంచుకొనరాదు, ఏలయనగా, చదువునకై దానిని తెరచినవాడు చదువుతోనే దానిని మూయడు.’ ఇప్పుడు తల్లి ఔననును. కుమారుడు కాదనును, పాఠములే రాత్రివేళ దానిలో వచ్చుచున్నవనును. వాదము పుట్టినది. ఏ పేరాలు కావలయునో ఆ వాక్యమే చెప్పును: తెరచినవాడు ఎందులకు మూయలేడు, గది బయట నుంచినచో ఏమి మారును, పాఠముల మాటకు ఏమి సమాధానము. గ్రాహాం బెల్లుగారి జన్మవృత్తాంతము అక్కరలేదని కూడ ఆ వాక్యమే చెప్పును. ఇది చిన్న లాభము కాదు.

ఇట్లు ముందుగనే పక్షము నిలుపుకొన్నచో మనస్సు మూసుకొనిపోవునని కొందరందురు. వ్రాయుటకు ముందును, చిత్తుప్రతి వ్రాయునప్పుడును, వాక్యమును పదిమారులు మార్చుకొనవచ్చును, మార్చుకొననివాడు ఆలోచింపనివాడే. చదువరికి ఒక మాట ఇచ్చి, నడుమ చప్పుడు చేయక వేరొక మాటకు జారుకొనుట మాత్రము తప్పు. నైయాయికులు వాదమున ఓటమికి తావులైన నిగ్రహస్థానములను ఇరువదిరెండింటిని లెక్కించి, వానిలో మొదటి నాలుగింటిని ప్రతిజ్ఞకు పట్టిన దోషములకే కేటాయించిరి. ప్రతిజ్ఞను వదలుకొనుట, వేరు ప్రతిజ్ఞకు మారుట, ప్రతిజ్ఞకు హేతువునకు పొసగకపోవుట, నేనట్లనలేదని త్రోసిపుచ్చుట. నాలుగవది వ్యాసములందు అరుదు, ఆటస్థలమున మెండు. తనకు పక్షమే లేక ఎదుటివానిని ఖండించుచు పోవుటకు వారు వితండ యని పేరిడిరి.

పిల్లలకు అభిప్రాయములేల, మార్కులు చాలవా యను తల్లిదండ్రులు కలరు. వారి భయము నిరాధారమైనది కాదు. దిద్దువానికి నచ్చని పక్షము వ్రాసినచో మార్కులు తగ్గునని విద్యార్థులు నమ్ముచున్నారు. అందువలననే ఎవరికిని కోపము రాని వాక్యములను వెదకుకొనుచున్నారు. పదునైదేండ్ల వయస్సున ఎవరికిని కోపము రాకుండ వ్రాయుటకు అలవాటుపడిన బాలిక, రేపు పంచాయతి సభలోనో, తన పెండ్లి మాటలు జరుగు ఇంటనో తన పక్షమును ఏ నోటితో చెప్పగలదు? ఉపాధ్యాయులు తమ తీర్పును పక్షముపై గాక హేతువుపై నిలుపుదురని తరగతిలో బాహాటముగా చెప్పవలయును. చెప్పిన మాటను మార్కులలో చూపవలయును. తమకు సరిపడని పక్షమును చక్కగా నిలిపిన వ్యాసమును ఏడాదికొకమారైనను తరగతిలో చదివి వినిపించినచో, పిల్లలు ఆ మాట నమ్ముదురు.

ప్రశ్నపత్రము కూర్చువారికి ఒక విన్నపము. లాభనష్టములను వివరింపుమని అడుగుట మానివేసి, ఒక వాక్యమునిచ్చి ఒప్పుకొందువో కాదందువో వ్రాయుమనుడు. ‘గ్రంథాలయపు గంటలో విద్యార్థి తనకిష్టమైన పుస్తకమునే చదువవలయును గాని ఉపాధ్యాయుడు నిర్ణయింపరాదు.’ దీనిని మా తెలుగు ఉపాధ్యాయుల గదిలోనే పెట్టి చూచితిమి. మధ్యాహ్నపు గంట మ్రోగువరకు తెగలేదు.