తెర వెనక పాచికలు

స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.' (1982) చూశారుగా? ఆ ఇంట్లోకి మనం మొదటిసారి అడుగుపెట్టేసరికి ఏం కనిపిస్తుంది? టేబుల్ చుట్టూ కుర్రాళ్ళు, పాచికలు, ఒకటే గోల! బుల్లి హీరో ఎలియట్‌ని ఆటలో చేర్చుకోరు. పిజ్జా తీసుకురమ్మని బయటికి తోలేస్తారు. వాడు పాపం వెళ్ళి గ్రహాంతరవాసిని కలుసుకున్నాడు గాని, నా కళ్ళు మాత్రం ఆ టేబుల్ మీదే ఉండిపోయాయి.

అలాంటి ఆటలన్నిటికీ తాత 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర: కత్తివీరుడు, మాంత్రికుడు, దొంగ... "కోట ముందు నిలబడ్డారు. తలుపు మూసుంది. ఏం చేస్తారు?" అంటాడు మాస్టర్. తలుపు బద్దలు కొడతారో, గోడ ఎక్కుతారో, కాపలావాడికి లంచమే ఇస్తారో... మీ ఇష్టం! అవుతుందో కాదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కావలసిన అంకె పడితే గోడ దాటినట్టు, పడకపోతే నడుం విరిగినట్టు.

చాలామంది మాస్టర్లు ముందో అట్ట తెర నిలబెట్టుకుంటారు. కాగితాలూ మ్యాపులూ దాని వెనకే, పాచికలూ దాని వెనకే. నాకొచ్చిన తంటా అంతా ఆ తెరతోనే!

పోయినేడాది మా మిత్రబృందానికి నేనే మాస్టర్‌ని. ఆదివారం మధ్యాహ్నాలు, హైదరాబాదులో నా అద్దె గది, మిరపకాయ బజ్జీలు. సినిమాల మీద రాసుకు బతికేవాణ్ణి కదా, నాలో డైరెక్టరు నిద్రలేచాడు. రెండు రాత్రులు మేలుకుని ఓ భయంకరమైన రాక్షసుణ్ణి తయారుచేశాను. ఇంత కష్టపడ్డాక వాడు కనిపించకుండా పోతే ఎలా?

అడవిలో దారి రెండుగా చీలింది. ఎడమకా? కుడికా? మావాళ్ళు అరగంట కొట్టుకున్నారు. అడుగుజాడలు వెతికారు. చెట్టెక్కి పొగ ఏ వైపు లేస్తోందో చూశారు. చివరికి కుడివైపు కదిలారు. రాక్షసుడు ప్రత్యక్షం! ఎడమకి వెళ్ళినా వాడే వచ్చేవాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

యుద్ధం మొదలైంది. మాలో అందరికన్నా చిన్నది, డిగ్రీ చదివే ఓ అమ్మాయి. ఆమెది విలుకత్తె పాత్ర. అప్పటికే గాయాలతో ఉంది. రాక్షసుడు గద ఎత్తాడు. తెర వెనక పాచిక వేశాను. ఇరవై! అంటే విలుకత్తె కథ ముగిసినట్టే. నాకు చేతులు రాలేదు. ఇంటర్వెల్‌కి ముందే హీరోయిన్‌ని చంపుతామా? "దెబ్బ తప్పింది" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

బజ్జీల ప్లేటు అందుకోవడానికి ఆ అమ్మాయి నా వైపు వచ్చింది. మ్యాపు మీద రెండు దారుల చివరా ఒకే రాక్షసుడు. పక్కనే పాచిక ఇంకా ఇరవై చూపిస్తూనే ఉంది.

"ఎటెళ్ళినా వీడే. ఎంత పడినా నేను చావను. మరి ఆ అరగంట మేం దేనికి కొట్టుకున్నట్టు అన్నయ్యా?"

"నిన్ను బతికించాను కదమ్మా" అన్నాను.

"బతికించమని నేనడిగానా?"

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి రాలేదు.

శకుని అనగానే మనకు ధూళిపాళగారే కదా కళ్ళముందు మెదులుతారు! ఆ శకుని పాండవుల్ని ఓడించడానికి పాచికల్ని ఆడించాడు. నేను గెలిపించడానికి ఆడించాను. ఎదుటివాళ్ళ పందెం ఉత్తుత్తిది అయిపోవడంలో మా ఇద్దరికీ తేడా ఏముంది చెప్పండి? సినిమాలో హీరో చావడని తెలిసే ఈల వేస్తాం. కానీ అక్కడ దారి ఎంచుకునేది మనం కాదు. ఇక్కడ ఎంచుకోమని చెప్పి, ఆ ఎంపికను దొంగతనంగా చెత్తబుట్టలో పడేశాను నేను.

ఈ తగువు పాతదే. మాస్టర్ కావాలనుకుంటే పాచికను తోసిరాజనవచ్చునని గైగాక్స్ 1979లో వచ్చిన మాస్టర్ల పుస్తకంలో రాశాడు. అయితే, అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఆటగాడు కేవలం పాచిక పాపాన చచ్చేటట్టుంటే, చంపకుండా స్పృహ తప్పించొచ్చు, ఓ కన్ను పోగొట్టొచ్చు అని కూడా అన్నాడు. అంటే దయ చూపినా దానికో ఖరీదు ఉంటుందన్నమాట! 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' ఆటలోనైతే విన్సెంట్ బేకర్ అసలు మాస్టర్ చేతికి పాచికలే ఇవ్వలేదు. అన్నీ ఆటగాళ్ళే వేసుకోవాలి. ఇక తెర వెనక మార్చడానికి ఏముంటుంది?

అలాగని మాస్టర్ గుట్టంతా ముందే విప్పేయాలని కాదు. రాక్షసుడెక్కడున్నాడో దాచొచ్చు. కానీ ఎక్కడ దాచామో వాడు అక్కడే ఉండాలి. జాడలు వెతికినవాళ్ళకి ఆ జాడలు పనికిరావాలి. వాళ్ళు ఏ దారి పట్టినా వాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తకూడదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. "పాత్రలు చావొచ్చా?" అని అడిగాను. చావొచ్చన్నారు. ఆ రోజు నుంచి పాచిక టేబుల్ మధ్యలోనే పడుతోంది.

మూడు వారాల తర్వాత ఓ వంతెన దగ్గర శత్రువులు వెంటబడ్డారు. "మీరు దాటిపొండి, నేను ఆపుతా" అంది విలుకత్తె. పన్నెండు పడితే బతుకుతుంది. ఆ అమ్మాయే వేసింది. నాలుగు! అందరం చూశాం. ఎవరూ మాట్లాడలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు గొంతు పట్టేసింది.

కాసేపాగి చెయ్యి చాపింది. "తెల్లకాగితం ఉందా అన్నయ్యా? కొత్త పాత్ర రాసుకోవాలి."

మీలో ఎవరైనా రేపు మాస్టర్ కుర్చీలో కూర్చుంటే, మ్యాపు తెర వెనకే దాచుకోండి. పాచిక మాత్రం అందరి ముందూ వేయండి. బజ్జీలు వేడిగా ఉండేట్టు చూసుకోండి.