చుక్క రోడ్డు మీద.. మనిషి గెడ్డ అవతల! మన్యంలో జీపీఎస్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

గూడెం కొత్తవీధి: ఏజెన్సీలో డోలీ మోత వార్త వచ్చిన ప్రతిసారీ చర్చ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. రోడ్డు లేదు, అందుకే అంబులెన్స్ రాలేదు.. అంతే. కానీ బండి ఎక్కడిదాకా రావాలి, అక్కడి నుంచి మనుషులు ఎటు నడవాలి అన్నది ఇప్పుడు ఫోన్ లొకేషన్ మీద కూడా ఆధారపడుతోంది. ఆ లొకేషన్‌ను యాప్ తప్పుగా చూపిస్తే, ఉన్న రోడ్డు కూడా అక్కరకు రాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గూడెం కొత్తవీధి లాంటి కొండ మండలంలో ఇది చిన్న విషయం కాదు.

ఒకే ఫోన్.. రెండు లొకేషన్లు

మొదటిది రా లొకేషన్. ఫోన్ కనీసం 4 ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకుని తనకు తానుగా కొలిచిన పాయింట్ ఇది. ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ సాధారణంగా 4.9 మీటర్ల తేడా లోపే చూపిస్తుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ వెబ్‌సైట్ చెబుతోంది. లోయలో, దట్టమైన చెట్ల కింద ఆ తేడా పెరుగుతుంది.

రెండోది మ్యాప్ మ్యాచింగ్ చేసిన లొకేషన్. అంటే యాప్ ఆ పాయింట్‌ను తీసుకుని, మ్యాప్‌లో దగ్గరగా ఉన్న రోడ్డు మీదకు జరుపుతుంది. క్యాబ్ బుక్ చేసినప్పుడు కారు బొమ్మ ఇళ్ల మీద నుంచి కాకుండా రోడ్డు వెంటే కదలడానికి కారణం ఇలాంటి సర్దుబాటే. మొదటిది కొలత, రెండోది అంచనా. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఘాట్ రోడ్డులో మేలే..

మ్యాచింగ్ పనికిమాలినదేమీ కాదు. గూడెం కొత్తవీధి నుంచి ధారకొండ మీదుగా సీలేరు వెళ్లే రూటే తీసుకోండి. అన్నీ మలుపులే. ఫోన్ అర నిమిషానికి ఒక పాయింట్ పంపిస్తే, వాటిని గీతతో కలిపినప్పుడు మలుపులన్నీ ఎగిరిపోయి దూరం తగ్గిపోతుంది. బండి ఆగి ఉంటే పాయింట్ అటూ ఇటూ ఊగి లేని దూరం పెరుగుతుంది. మ్యాచింగ్ ఈ రెండింటినీ సరిచేస్తుంది. డీజిల్ లెక్కకైనా, కిరాయి లెక్కకైనా ఇదే మంచిది.

కొండ మీది ఊరికి వస్తే..

మ్యాప్‌లో లేని కాలిబాట మ్యాచింగ్‌కు తెలియదు. ఉదాహరణకు కొండ మీది గూడెంలో ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి అనుకుందాం. ఫోన్ పాయింట్ సరిగ్గానే ఇచ్చింది. కానీ మ్యాప్‌లో దగ్గరున్న రోడ్డు గెడ్డకు అవతల ఉంది. యాప్ చుక్కను అక్కడికి జరిపేసింది. మ్యాప్‌లో అది 150 మీటర్లే. కాలినడకన గెడ్డ దిగి ఎక్కాలంటే? వానాకాలంలో గెడ్డ పొంగితే? పైగా స్క్రీన్ మీద చుక్క చక్కగా రోడ్డు మీదే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మెరుగైన పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్ న్యూసన్, జాన్ క్రమ్ 2009లో ప్రకటించిన పద్ధతి చాలా పేరున్నది. అది ఒక్క పాయింట్‌నే కాదు, వరసగా వచ్చిన పాయింట్లన్నీ చూసి ఏ రోడ్డు కుదురుతుందో లెక్కిస్తుంది. 200 మీటర్ల లోపు రోడ్డు లేకపోతే ఆ పాయింట్‌ను ఏ రోడ్డుకూ అతికించదు. కానీ వాళ్లు పరీక్షించింది సియాటిల్ నగర రోడ్ల మీద. పైగా సాయం కోసం ఫోన్ చేసిన మనిషి ఒకేచోట ఉంటాడు. వరసగా చూసేందుకు ప్రయాణమే ఉండదు.

మరి యాప్‌లు ఏం చేయాలి?

ఒకటి: రా పాయింట్‌ను చెరిపేయకూడదు. మ్యాచ్ చేసిన దాన్ని పక్కన వేరుగా పెట్టాలి. రా పాయింట్ ఉంటే, రేపు మ్యాప్ మారాక మళ్లీ మ్యాచ్ చేసుకోవచ్చు. పోతే తిరిగి రాదు.

రెండు: ఖచ్చితత్వం అంకెను కూడా పంపాలి. ఆండ్రాయిడ్ ప్రతి పాయింట్‌తో పాటు ఒక వలయం సైజు ఇస్తుంది. అసలు చోటు అందులో ఉండే అవకాశం 68 శాతం. 10 మీటర్ల వలయానికీ 800 మీటర్ల వలయానికీ ఒకేలాంటి చుక్క పెడితే ఎలా? పాయింట్ తీసుకున్న టైమ్ కూడా ఉండాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ పాత పాయింట్‌నే చూపించొచ్చు.

మూడు: ఎమర్జెన్సీలో రెండు చుక్కలు చూపించాలి. మనిషి ఉన్న చోటు ఒకటి, బండి ఆగే చోటు ఒకటి. బైక్‌పై వచ్చే ఫీడర్ అంబులెన్స్ సిబ్బందికి, డోలీ మోసేవాళ్లకు కావాల్సింది ఈ రెంటి మధ్య దారే.

రోడ్డుతో పాటు మ్యాప్ కూడా..

గిరిజన ఆవాసాలకు రోడ్ల కోసం 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ మొదలైంది. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో తలపెట్టిన పని ఇది. రోడ్డు పడినంత మాత్రాన మ్యాప్‌లోకి దానంతటదే ఎక్కదు. ఎక్కేదాకా యాప్‌లు చుక్కను పాత రోడ్డు మీదకే లాగుతుంటాయి. అందుకే పని పూర్తయిన రోజే రోడ్డు జీపీఎస్ గీతను అందరికీ అందుబాటులో పెట్టాలి. దీనికి అదనంగా అయ్యే ఖర్చు పెద్దగా ఉండదు. కానీ అది లేకపోతే కొత్త రోడ్డు పక్కనే ఉన్నా, అంబులెన్స్ గెడ్డ అవతలే ఆగిపోవచ్చు.