సెట్టింగుల కాగితం చేతికి వచ్చాకే చివరి బిల్లు కట్టండి

సీఎన్‌సీ రూటర్ పెట్టుకున్న షాపు యజమానులకూ, పెట్టుకోబోతున్నవారికీ, ఆపరేటర్లకూ, మిషన్ బిగించి ఇచ్చేవారికీ విన్నపం

తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రూటర్ ఇవాళ మండల కేంద్రాల దాకా వచ్చేసింది. నాలుగడుగులకు ఎనిమిదడుగుల షీటు పట్టే 1325 మిషన్‌ను చాలామంది బ్యాంకు లోను పెట్టి కొంటున్నారు. లారీలోంచి దింపుతారు, బిగిస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఒక వినాయకుడి బొమ్మ చెక్కి చూపిస్తారు, మిగిలిన డబ్బు తీసుకుని బండెక్కుతారు. లోపల ఏ అంకెలు పెట్టి వెళ్లారో యజమానికి తెలియదు, మిషన్ నడిపే కుర్రాడికీ తెలియదు. ఏడాది తిరక్కుండా కంప్యూటర్ పోతుంది. కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, వంద మిల్లీమీటర్లు కదలమన్న మిషన్ యాభై దగ్గరే ఆగుతుంది. బిగించినాయన ఫోన్ ఎత్తడు. ఆ వారం ఆర్డర్లు పక్కషాపుకు పోతాయి.

మేము ఈ మిషన్లు బిగించేవాళ్లం, నడిపేవాళ్లం. మేం అడిగేది ఒక్కటే. మిషన్ ఎలా కదలాలో చెప్పే సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి, కొన్నవారి ఎదుట ఒక్కొక్కటీ పరీక్షించి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం చేతికి రానిదే చివరి వాయిదా కట్టకూడదు. చేత్తో మిషన్ కదిపే జాయ్‌స్టిక్ సెట్టింగులు కూడా అందులో ఉండి తీరాలి. మనుషులకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ ఉన్నది అక్కడే కాబట్టి.

ఇదేదో పెద్ద చదువు అనుకుని వెనక్కి తగ్గొద్దు. జెడ్ యాక్సిస్ ఉదాహరణ తీసుకోండి. మామూలు స్టెప్పర్ మోటరు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ మీద మైక్రోస్టెప్ 8 పెడితే అది 1600 అవుతుంది. బాల్ స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగేదైతే, 1600ను 5తో భాగించండి. మిల్లీమీటరుకు 320 స్టెప్పులు. లెక్క అంతే. డ్రైవర్ పక్కనుండే చిన్న డిప్ స్విచ్ ఎవరైనా మార్చి మైక్రోస్టెప్ 16 చేశారనుకోండి, 10 మిల్లీమీటర్లు కదలమంటే 5 కదులుతుంది. స్క్రీన్ మీద మాత్రం 10 అనే చూపిస్తుంది. పంపిన స్టెప్పుల్ని లెక్కపెట్టడమే ఈ మిషన్‌కు తెలుసు, మోటరు నిజంగా ఎంత తిరిగిందో దానికి తెలియదు. అందుకే పరీక్ష స్క్రీన్ మీద కాదు, డయల్ గేజ్ పెట్టి చేయాలి. పొడుగు యాక్సిస్‌కు గీత గీసి, స్టీలు స్కేలుతో 500 మిల్లీమీటర్లు కొలవాలి.

ఇక్కడ ఒక మాట. ఎక్స్, వై యాక్సిస్‌లకు ర్యాక్, పినియన్ ఉంటే, కొలిచి చూసి స్టెప్పుల అంకెను కొద్దిగా సర్దడం సబబే. బాల్ స్క్రూ దగ్గర మాత్రం లెక్క ప్రకారం రావాల్సిందే. రావడం లేదంటే కప్లింగ్ వదులై ఉంటుంది, లేదా నట్టులో ఆట వచ్చి ఉంటుంది. ఆ లూజును అంకె మార్చి కప్పిపుచ్చేవాణ్ని మెకానిక్ అనకూడదు.

తర్వాతిది వేగం, దానికన్నా ముఖ్యంగా యాక్సిలరేషన్. మన షాపుల్లో గొప్పగా చెప్పుకునేది వేగం గురించే. మా మిషన్ ఆరు వేలు పోతుందంటే, మాది ఎనిమిది వేలు అంటారు. కానీ పూలు, లతలు చెక్కేటప్పుడు కదలికలన్నీ పొట్టివి. మొదలై ఆగే 5 మిల్లీమీటర్ల కదలికలో, యాక్సిలరేషన్ సెకనుకు సెకనుకు 200 మిల్లీమీటర్లు ఉంటే, మిషన్ అందుకోగలిగే గరిష్ఠ వేగం నిమిషానికి 1900 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మీరు సెట్టింగులో ఆరు వేలు రాసుకున్నా, అరవై వేలు రాసుకున్నా తేడా ఏమీ లేదు. అలాగని యాక్సిలరేషన్ ఇష్టమొచ్చినట్టు పెంచితే స్పిండిల్‌ను మోసే బరువైన గ్యాంట్రీని మోటరు లాగలేక స్టెప్ మిస్ అవుతుంది. డిజైన్ సగంలో రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. టేకు పలక మీద ఆ రెండు మిల్లీమీటర్ల ఖరీదు ఎంతో మీకు వేరే చెప్పాలా?

పరీక్ష సులువే. బిట్ మొనను ఒక గుర్తు మీద నిలిపి సున్నా పెట్టండి. పూర్తి వేగంతో అటూ ఇటూ ఓ యాభైసార్లు తిప్పి, మళ్లీ సున్నాకు పిలవండి. మొన గుర్తు మీదే నిలవాలి. ఏ అంకె దగ్గర మోటరు తడబడుతుందో అక్కడి దాకా వెళ్లి చూసి, దానిలో మూడింట రెండొంతులకు మించకుండా పెట్టుకోమని మా సలహా. రోజూ పని చేయాల్సిన మిషన్‌ను అంచు మీద నడపడం ఎందుకు?

ఇక జాయ్‌స్టిక్. పిల్లలు ఆడుకునే గేమ్‌ప్యాడ్‌నే చాలా షాపుల్లో మిషన్ జరపడానికి వాడుతున్నారు. మిషన్ కోసమే తయారైన పెండెంట్‌తో పోలిస్తే కారు చవక, పైగా చేతికి హాయిగా ఉంటుంది. మేం దానికి వ్యతిరేకం కాదు. కానీ అది ఆట కోసం తయారైన వస్తువు. స్టిక్ వదిలేస్తే సరిగ్గా మధ్యకు రాదు, ఏ కొంచెమో పక్కకు ఒరిగే ఉంటుంది. ఆటలో అది ఎవరూ పట్టించుకోరు. మిషన్‌లో మాత్రం ఆ కొంచెమే జెడ్ యాక్సిస్ మెల్లమెల్లగా కిందికి దిగడానికి చాలు. మధ్యలో కొంత మేర స్టిక్ కదిలినా మిషన్ కదలకుండా సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌బ్యాండ్ పెట్టాలి. స్టిక్ విలువ మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా ఉంటే, 0.15 లేదా 0.2 దాకా డెడ్‌బ్యాండ్ పెట్టినా పనికేమీ అడ్డం రాదు. పాతబడిన ప్యాడ్‌కు ఇంకాస్త కావాలి.

ఇంకో చిక్కు దిశ. ఇలాంటి ప్యాడ్‌లలో ఎక్కువ శాతం, స్టిక్‌ను ముందుకు తోస్తే మైనస్ విలువ పంపుతాయి. దాన్ని తిప్పి కలపకపోతే, ఆపరేటర్ గ్యాంట్రీని అవతలికి తోస్తున్నాననుకుని స్టిక్ ముందుకు నొక్కుతాడు, గ్యాంట్రీ అతని మీదికి వస్తుంది. కంగారులో మనిషి చేసే పని ఇంకా గట్టిగా ముందుకు తోయడం! ఒక్క మైనస్ గుర్తు సరిచేస్తే పోయే ప్రమాదం ఇది. అలాగే ఎక్స్, వై ఉన్న స్టిక్ మీదే జెడ్ పెట్టొద్దు. దానికి వేరే స్టిక్ ఇవ్వండి, వేగం కూడా బాగా తగ్గించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఒక బటన్ నొక్కి పట్టుకుంటేనే స్టిక్ పని చేయాలి. బటన్ వదిలితే మిషన్ ఆగాలి. ప్యాడ్ కింద పడినా, దాని మీద చెక్క పడినా ఏమీ కదలకూడదు. మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీ అయితే దీనికి ఒక పైసా ఖర్చు లేదు. రెండు బటన్లను ఒక మల్టిప్లెక్సర్‌కు కలిపి, దాని నుంచి జాగ్ వేగం, అంటే చేత్తో కదిపే వేగం ఇస్తే, ఏ బటనూ నొక్కకపోతే వేగం సున్నా, ఒకటి నొక్కితే నిమిషానికి 60 మిల్లీమీటర్లు, రెండోది నొక్కితే 600, రెండూ కలిపి నొక్కితే 3000. ఆ ఏర్పాటంతా మామూలు టెక్స్ట్ ఫైల్లో నాలుగైదు వరుసలు.

ఆ 3000 దగ్గర కాస్త ఆగుదాం. అంటే సెకనుకు 50 మిల్లీమీటర్లు. యాక్సిలరేషన్ 200 ఉంటే వదిలాక ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలో ఆగుతుంది. యాక్సిలరేషన్ 50 మాత్రమే ఉంటే అదే వేగం నుంచి ఆగడానికి 25 మిల్లీమీటర్లు పడుతుంది. వదిలాక కూడా అంగుళం దూరం పోతుందన్నమాట. క్లాంపుకూ బిట్‌కూ మధ్య అంగుళం ఉందనుకుని వదిలితే బిట్ విరుగుతుంది, అక్కడ చెయ్యి ఉంటే చెయ్యి నలుగుతుంది. కదలిక సెట్టింగులూ జాయ్‌స్టిక్ సెట్టింగులూ ఒకే కాగితం మీద ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే.

వైర్‌లెస్ ప్యాడ్‌లో బ్యాటరీ అయిపోతే కొన్ని ఏర్పాట్లలో చివరి విలువే నిలిచిపోతుంది. వైర్‌లెస్ కంట్రోల్‌లో సిగ్నల్ తెగితే యంత్రం తనంతట తానే ఆగాలని, యంత్రాల విద్యుత్ భద్రతకు అంతర్జాతీయంగా పాటించే ఐఈసీ 60204-1 ప్రమాణం చెబుతుంది. అలా ఆగుతుందని పరీక్షించి చూపించలేకపోతే వైరున్న ప్యాడే వాడండి. ఇక ప్యాడ్ మీద ఎర్ర బటన్‌కు ఎమర్జెన్సీ స్టాప్ అని పేరు పెట్టుకోవద్దు. కంప్యూటర్ హ్యాంగ్ అయితే ఆ బటన్ మాట వినేవారుండరు. గోడకో మిషన్‌కో బిగించి, మోటర్ల కరెంటునూ స్పిండిల్‌నూ నేరుగా ఆపే పుట్టగొడుగు స్విచ్ ఒకటి ఉండాల్సిందే.

హోమింగ్ (మిషన్ తన మొదలు చోటును స్విచ్‌లతో వెతుక్కోవడం), సాఫ్ట్ లిమిట్లు (సాఫ్ట్‌వేర్‌లో పెట్టే హద్దులు) కూడా ఆన్‌లో ఉంచి ఇవ్వాలి. హోమ్ స్విచ్‌లు పాడైతే తీసి పారేసి, హోమింగ్ ఆపేసి నడపడం మన షాపుల్లో మామూలైపోయింది. గ్రబుల్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ హోమింగ్ లేకుండా సాఫ్ట్ లిమిట్లు అసలు పెట్టనివ్వదు. మాక్3 సాఫ్ట్‌వేర్‌లో హోమ్‌కు రిఫరెన్స్ చేయకుండా వాటికి అర్థం లేదు. ఒక స్విచ్ ఖరీదు ఎంతని ఈ తెగింపు?

మిషన్ అమ్మేవారు కొందరు, ఇవి మా కంపెనీ రహస్యాలు, చెబితే కస్టమర్ కెలికి పాడుచేస్తాడు అంటారు. 1600ను 5తో భాగించడంలో రహస్యం ఏముంది? కెలుకుతాడన్న భయం న్యాయమైనదే, కాదనం. మార్చడానికి పాస్‌వర్డ్ పెట్టుకోండి. చదవడానికి మాత్రం అడ్డు పెట్టకండి. సంతకం చేసిన కాగితం ఉంటే, తర్వాత ఎవరు మార్చారో తేలేది మీకే, వారంటీ తగాదాలో నిలబడేదీ మీరే. వారంటీ ముగిసిన రోజున పాస్‌వర్డ్ కూడా కొన్నవారికి ఇచ్చేయాలి. ఆయుధపూజకు బొట్టుపెట్టే మిషన్ తలుపు తాళం ఇంకొకరి జేబులో ఉండడం ఏ వ్యాపారంలోనూ లేదు.

ఐటీఐలకూ, 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి సంస్థలకూ ఒక మనవి: మోటర్ ట్యూనింగ్, జాగ్ సెట్టింగుల మీద చిన్న షాపులవాళ్ల కోసం సాయంత్రపు క్లాసులు పెట్టండి. ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న కుర్రాళ్లు దొరుకుతున్నారు. సెట్టింగు చదవగలిగినవాళ్లు దొరకడం లేదు.

ఇప్పటికే మిషన్ ఉన్నవారు కూడా ఆలస్యం చేయొద్దు. అమావాస్య నాడు కటింగ్ పెట్టని షాపులు మనలో చాలా ఉన్నాయి. ఆ పూట కూర్చోండి. మాక్3 అయితే సీ డ్రైవ్‌లో మాక్3 ఫోల్డరులోని మీ ప్రొఫైల్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మోటర్ ట్యూనింగ్‌లో ఏదైనా మారిస్తే, ప్రతి యాక్సిస్‌కూ సేవ్ యాక్సిస్ సెట్టింగ్స్ నొక్కిన తర్వాతే ఓకే నొక్కండి, లేకపోతే చేసిన పని గాలికి పోతుంది. లైనక్స్‌సీఎన్‌సీలో ఐఎన్‌ఐ, హాల్ ఫైళ్లు రెండూ దాచండి. గ్రబుల్‌లో రెండు డాలర్ గుర్తులు కొడితే అంకెలన్నీ వరసగా వస్తాయి, ప్రింటు తీసుకోండి. చేతిలో పట్టుకునే డీఎస్పీ కంట్రోలర్ అయితే సెట్టింగుల స్క్రీన్లన్నీ ఫోనుతో ఫొటో తీయండి. ఆ అంకెల వివరాలను తెలుగులో, ఉత్తరాది కుర్రాళ్లు పని చేసే చోట హిందీలో కూడా రాయించి కంట్రోల్ బాక్సు తలుపు లోపల అతికించండి.

కొత్తగా కొనేవారు ఆర్డరు కాగితం మీద ఈ నాలుగు ముక్కలు యథాతథంగా రాయించుకోండి: "ప్రతి యాక్సిస్ స్టెప్పులు, గరిష్ఠ వేగం, యాక్సిలరేషన్, ప్రయాణ దూరం, హోమింగ్ దిశ, జాగ్ వేగాలు, జాయ్‌స్టిక్ డెడ్‌బ్యాండ్, నొక్కి పట్టే బటన్ వివరాలు రాసిన కాగితం, సెట్టింగుల ఫైలు కాపీ అమ్మకందారు ఇవ్వాలి. కొనుగోలుదారు ఎదుట కొలిచి, సున్నాకు తిరిగి వచ్చే పరీక్ష, జాయ్‌స్టిక్ వదిలితే ఆగే పరీక్ష, ఎమర్జెన్సీ పరీక్ష చేసి చూపాలి. మొత్తం ధరలో పది శాతం ఈ పరీక్షలు ముగిశాక చెల్లించబడుతుంది."