జిరాక్స్ షాపులో మన ఆధార్

మొన్న గుణదల సెంటర్లో ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాను. కరెంటు మీటరు పేరు మార్చుకోవాలి, ఆధార్ కాపీ కావాలి. "నంబరు గోడ మీద ఉందండీ, వాట్సాప్‌లో పెట్టెయ్యండి" అన్నాడు కుర్రాడు, తలెత్తకుండానే. పెట్టాను. ప్రింటు చేతికొచ్చాక అతని కంప్యూటర్ వైపు చూద్దును కదా, నా ఆధార్ కింద ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్, దాని కింద ఎవరో అమ్మాయి స్కానింగ్ రిపోర్టు. అలా వరసగా, ఎంత దూరం ఉన్నాయో.

"ఇవన్నీ తీసెయ్యవా బాబూ?"

"తీరికెక్కడిదండీ. ఫోన్ నిండితే అప్పుడు చూద్దాం."

దొంగేం కాదు పాపం. పని ఒత్తిడి, అంతే.

వాట్సాప్‌లో మెసేజ్‌కి తాళం వేసి పంపుతారని మనకు ధీమా. నిజమే, దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఆ తాళం దారికే. చేరిన చోట తలుపు బార్లా తీసి ఉంటే వాట్సాప్ ఏం చేస్తుంది? పాతకాలం ఇన్‌లాండ్ కవరు కూడా అంతేగా, పోస్ట్‌మాన్ చదవకపోవచ్చు, చించి చదివిన మనిషి వీధంతా చెప్పొచ్చు.

జిరాక్స్ షాపు చిన్నది. పెద్ద షాపు ఇంకోటుంది, మన ప్రభుత్వానిది. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' మొదలైంది. సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కే బాధ తగ్గింది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ సంస్థలతో చాట్ చేసేటప్పుడు, మెసేజ్ చేరాక వాళ్ల గోప్యతా నియమాలే వర్తిస్తాయని వాట్సాప్ వాళ్లే చెబుతారు. అంటే మనం పంపింది ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూస్తారు అన్నది అవతలివాళ్ల చేతిలో ఉంది. ఆ రెండు ముక్కలూ మొదటి మెసేజ్‌లోనే, తెలుగులో, ఎదురుగా కనపడేలా ఉండాలని నా కోరిక.

చట్టం లేదా అంటే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. డేటా రక్షణ చట్టం రావడానికి 2023 దాకా పట్టింది, దాని రూల్స్‌కి 2025 నవంబరు దాకా పట్టింది. అందులో మనకు పనికొచ్చే అసలు భాగాలకి ఇంకో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. డేటాని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. లెక్కప్రకారం మన జిరాక్స్ కుర్రాడి యజమాని కూడా ఆ చట్టం కిందికే వస్తాడు, ఆయనకి ఆ సంగతి ఎవరు చెబుతారో మరి! పథకాలకి, సర్టిఫికెట్లకి మాత్రం ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో మన అనుమతి మళ్లీ అడగక్కర్లేదు. కొన్ని ప్రభుత్వ సంస్థలకి చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకునే వీలుంది. నాకు గుచ్చుకునేది అక్కడే. ఎక్కువ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లకే సడలింపు ఎక్కువ.

అందాకా మన జాగ్రత్త మనదే. ఆధార్ వెబ్‌సైట్లో మొదటి ఎనిమిది అంకెలు కనపడని కాపీ దొరుకుతుంది, చాలాచోట్ల అది సరిపోతుంది. ప్రింటు రాగానే 'అందరికీ డిలీట్' కొట్టండి, ఆలస్యం చేస్తే ఆ వీలుండదు.

నేనూ అక్కడే నిలబడి కొట్టాను. కుర్రాడు నవ్వాడు. "చాట్లో పోయిందండీ. కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉంటుందిగా, అది వేరే."