అలిగిన పొయ్యి

కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకునే మనిషి ఈ వారం పొయ్యి గురించి వ్రాస్తోందేమిటా అని నవ్వుకుంటారేమో! నవ్వుకోండి. కాని చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ఆ తప్పే మీ ఇంట్లోనూ జరుగుతూ ఉండవచ్చు.

మా అత్తయ్యగారికి డెబ్బయ్యారేళ్ళు. తెనాలిలో ఒక్కరే ఉంటారు. మా దగ్గరకు వచ్చెయ్యమంటే, "నా తులసికోటకు నీళ్ళెవరు పోస్తారమ్మాయ్?" అంటారు. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు, గ్యాసు పొయ్యి - అన్నిటి మీదా వండి పదిమందికి వడ్డించిన చెయ్యి అది. పోయిన వేసవిలో మావారూ నేనూ ఆవిడకొక ఇండక్షన్ స్టవ్వు కొన్నాం. పెట్టె విప్పి గట్టుమీద పెట్టి, ప్లగ్గు ఎక్కడ పెట్టాలో చూపించి, ఇంగ్లీషులో అచ్చయిన చిన్న పుస్తకం చేతికిచ్చి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాం. ఏదో ఘనకార్యం చేసినట్టు సంతోషించాం కూడాను.

దసరా సెలవులకు వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి గుప్పున గ్యాసు వాసన! అత్తయ్య వంటింట్లోనే పీట మీద కూర్చుని కందిపప్పు బాగుచేస్తున్నారు. "వాసన రావటం లేదూ?" అని కేక వేశాను. "ఏం వాసనమ్మాయ్? నాకేం తెలియటం లేదే!" అన్నారు, చేట దించకుండానే.

లైటు స్విచ్చు జోలికి పోకుండా, ముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, ఆవిడను వాకిట్లోకి తీసుకొచ్చాను. పొయ్యి మీట పూర్తిగా తిరగలేదు, అంతే. వంటగ్యాసుకు తనంతట తనకు వాసన లేదు. కారితే మనకు తెలియాలని ఘాటైన మెర్కాప్టన్ అనే పదార్థం కలుపుతారు. ఆ గ్యాసు గాలికన్నా బరువు. అందుచేత పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది - అంటే సరిగ్గా పీట మీద కూర్చున్న మనిషి చుట్టూ. వయసుతోపాటు కళ్ళు మందగించినట్టే ముక్కూ మందగిస్తుంది. కళ్ళకయితే అద్దాలున్నాయి. ముక్కుకేం ఉన్నాయి?

నా గుండె దడ తగ్గాక అడిగాను: "మేం కొనిచ్చిన స్టవ్వు ఏదీ అత్తయ్యా?"

గట్టు చివర చూపించారు. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద మాగాయ జాడీ. "అది నా మీద అలిగిందమ్మాయ్. ఏ గిన్నె పెట్టినా కుయ్యికుయ్యిమని కూసి ఆగిపోతుంది. అంత ఖరీదు వస్తువు, నేనే పాడు చేశాను కాబోలునని మీకు చెప్పలేదు."

అయిదు నెలలు! ఫోనులో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆవిడ భయపడి చెప్పలేదు, మేం అడగలేదు. క్లాసులో ఒక్క సంధి సూత్రానికి పది ఉదాహరణలిచ్చే నేను, ఇంట్లో పెద్దావిడకు కొత్త వస్తువు గురించి ఒక్క ఉదాహరణ ఇవ్వలేదు. సిగ్గేసింది.

ఫ్రిజ్ తలుపుకు అంటించిన బొమ్మ ఒకటి ఊడదీశాను. దాని వెనక చిన్న అయస్కాంతం ఉంటుంది. "మీ గిన్నెలన్నీ దింపండి, వీటికి పెళ్ళిచూపులు చేద్దాం" అన్నాను. ఇత్తడి గిన్నెకు అంటుకోలేదు. రాగి చెంబుకు లేదు. అన్నం వండే సత్తు గిన్నెకు, అంటే అల్యూమినియానికి, అసలే లేదు. చూపుకు ఒకేలా ఉన్న రెండు స్టీలు గిన్నెల్లో ఒకదాన్ని పట్టుకుంది, రెండోదాని మీద జారిపోయింది. పాతిక పాత్రల్లో తొమ్మిది నెగ్గాయి. ఆ తొమ్మిదిలో ఒకటి అత్తయ్యగారి తల్లి కాపురానికి పంపేటప్పుడు ఇచ్చిన ఇనప పెనం! ఇంట్లో అన్నిటికన్నా పాతదాన్ని అన్నిటికన్నా కొత్తది ఒప్పుకుంది. అత్తయ్య మొహం చూడాలి అప్పుడు!

దీని కిటుకు ఇది. గాజుపలక కింద రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు క్షణానికి వేలసార్లు దిశ మారుతూ ప్రవహిస్తుంది. దానివల్ల పుట్టే అయస్కాంత శక్తి గిన్నె అడుగులో కరెంటు సుడులు పుట్టిస్తుంది. గిన్నె తనంతట తానే వేడెక్కుతుంది. ఈ సూత్రాన్ని మైకేల్ ఫారడే 1831లోనే కనిపెట్టాడు. మన వంటింటికి రావటానికి ఇంతకాలం పట్టింది. కనుక ఇక్కడ మంట పొయ్యిలో లేదు, గిన్నెలోనే ఉంది. అయస్కాంతం గట్టిగా అంటుకునే గిన్నె కావాలి. అడుగు బల్లపరుపుగా ఉండాలి. అటువంటి గిన్నె లేకపోతే స్టవ్వు కూసి ఆగిపోతుంది. అది అలక కాదు, "ఈ గిన్నె నాకు పనికిరాదు" అని చెప్పటం.

తాలింపు దగ్గర మాత్రం చెయ్యి అలవాటు మార్చుకోవాలి. గ్యాసు మీదయితే బాణలి పెట్టి, పోపుల పెట్టె వెతికి, తీరిగ్గా నూనె పోస్తాం. ఇక్కడ పల్చటి బాణలి ఖాళీగా ఉంటే చూస్తూండగానే కాగిపోతుంది, అడుగు వంగిపోయినా వంగిపోతుంది. అన్నీ దగ్గర పెట్టుకుని, నూనె పోశాకే తక్కువ వేడిలో మొదలుపెట్టండి.

ప్లగ్గు మాట కూడా చెప్పాలి. 2000 వాట్ల స్టవ్వు మన 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు అది మోయరాని బరువు. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే తగిలించాలి. పొడుగు తీగల ఎక్స్‌టెన్షను పెట్టెలు వద్దు. ఇక ఖర్చంటారా, పూర్తి వేడి మీద అరగంట వాడితే ఒక యూనిట్టు.

మర్నాడు ఉదయం కాఫీకి పాలు పెట్టారు. మాటల్లో పడ్డాం, పాలు పొంగాయి. అత్తయ్య అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు ఎత్తారు, పొయ్యి మీద కుమ్మరించటానికి! "ఆగండాగండి!" అని చెంబు పట్టుకున్నాను. కట్టెల పొయ్యి ఆర్పినట్టు దీన్ని ఆర్పకూడదు. లోపల ఉన్నది కరెంటు. శుభ్రం చేసే పద్ధతి ఇది: ముందు స్విచ్చి నొక్కి ఆపండి, గిన్నె దింపండి. లోపలి ఫాను కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా ప్లగ్గు తియ్యకండి. గిన్నె వేడికి గాజు కూడా కాలి ఉంటుంది కనుక చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. మొండి మరకయితే వంటసోడా ముద్ద చేసి పది నిమిషాలుంచి మెత్తటి గుడ్డతో తియ్యండి. ఇసుక, బూడిద, ఇనప పీచు దగ్గరకు రానివ్వకండి. గాజు గీతలు పడుతుంది. బరువు పెనాన్ని జరపకుండా ఎత్తి పెట్టండి.

ఒక్క బెల్లం పాకం, పంచదార పాకం మాత్రం దీనికి విరుద్ధం. పూర్తిగా చల్లారితే గాజుకు అతుక్కుపోయి, పెరికితే గాజు పెచ్చే లేవవచ్చు. స్టవ్వు ఆపి, ఇంకా వెచ్చగా ఉండగానే, చెయ్యి కాలకుండా దళసరి గుడ్డతో తీసెయ్యాలి.

స్టవ్వు అడుగున, వెనక ఉన్న రంధ్రాలు దాని ముక్కుపుటాలు. గోడకు ఆనించి పెట్టినా, కింద గుడ్డ పరిచినా ఊపిరాడదు. వెచ్చగా ఉంటుందని బొద్దింకలు అందులో కాపురం పెడతాయి కూడా. వారానికోసారి ప్లగ్గు తీసి పొడి కుంచెతో దులపండి. పనిచేస్తున్నప్పుడు పలక మీద చెంచాలు, కత్తులు, స్టీలు మూతలు పెట్టవద్దు. ఇంట్లో ఎవరి గుండెకైనా పేస్‌మేకరు అమర్చి ఉంటే డాక్టరు నడగనిదే దీన్ని వాడవద్దు, దగ్గరగా వంగి నిలబడవద్దు.

మిక్సీ సంగతీ అంతే. జారును కడగండి, మోటారున్న పీటను తుడవటమే. జారు మూతలోని రబ్బరు ఊడదీసి కడక్కపోతే కొబ్బరి పచ్చడి వాసన మర్నాటి అల్లం ముద్దలో పలకరిస్తుంది. బరువెక్కువై మిక్సీ ఆగిపోతే, చాలా మిక్సీలకు అడుగున చిన్న బొత్తాం ఉంటుంది. స్విచ్చి ఆపి, చల్లారాక అది నొక్కి చూడండి, ఆ తర్వాతే రిపేరు షాపు మాట. ఫ్రిజ్ తలుపు అంచు రబ్బరులో చేరిన జిడ్డు తుడిస్తే తలుపు బిగుతుగా పడుతుంది, కరెంటూ కలిసివస్తుంది.

గ్యాసు పొయ్యిని మేం తీసెయ్యలేదు. పండగపూట ఇత్తడి గిన్నెలో పరమాన్నం వండాలంటే ఆవిడకు అదే కావాలి. కాని పక్కన మరో మనిషి ఉన్నప్పుడే వెలిగించాలనీ, తక్కిన వేళల రెగ్యులేటరు కట్టేసి ఉంచాలనీ ఒప్పందం. గ్యాసు కారితే మోగే గంట ఒకటి కొని, నేలకు దగ్గరగా గోడకు పెట్టించాం. గ్యాసు కారితే పిలవవలసిన 1906 నంబరు కేలెండరు పక్కన పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టాను - ఈసారి తెలుగులో.

మీ పెద్దవాళ్ళ ఇంట్లో గుడ్డ కప్పుకుని జాడీలు మోస్తున్న యంత్రం ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే "ఎందుకు వాడటం లేదు?" అని దబాయించకండి. పక్కన నిలబడి ఒక పూట వంట చెయ్యండి.

నిన్న రాత్రి అత్తయ్య ఫోను చేశారు. "అమ్మాయ్, ఎదురింటావిడ కూడా ఆ స్టవ్వు కొన్నదిట. కూస్తోందని ఏడుస్తుంటే మన అయస్కాంతం పట్టుకుని వెళ్ళొచ్చాను. వాళ్ళకు పదకొండు గిన్నెలు పనికొచ్చాయే!" అన్నారు. కాసేపాగి, "మనకన్నా రెండెక్కువ. ఈసారి వచ్చేటప్పుడు ఒక బాణలి పట్టుకురా. అంటుకుంటుందో లేదో షాపులోనే చూసి మరీ కొను" అన్నారు.