గొంతు విప్పే చోటు

పాట వచ్చినవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ పాటను నలుగురి ముందు పాడేందుకు చోటు మాత్రం ప్రతి ఊరిలోనూ ఉండదు. సంగీతం వృత్తిగా లేనివాడు, గురుముఖంగా క్రమం తప్పక అభ్యసించనివాడు, పాడినందుకు పైసా ఆశించనివాడు, అటువంటి ఔత్సాహికుడు తన పాటను ఎక్కడ వినిపించాలి? పొలం గట్టు మీద ఒంటరిగా పాడుకోవచ్చు, స్నానాల గదిలో పాడుకోవచ్చు. కాని వినేవాడు ఎదురుగా లేని పాట సగం పాటే.

నగరాల్లోని యువతీయువకులు ఈ చిక్కుకు ‘ఓపెన్ మైక్’ అనే పరిష్కారం కనుగొన్నారు. ఒక సాయంకాలం ఒకచోట మైకు పెడతారు. పాడదలచినవారు ముందుగా పేరు రాయించుకుంటారు. తమ వంతు వచ్చినప్పుడు ఐదు నిమిషాలో పది నిమిషాలో పాడి దిగిపోతారు. పరీక్షించి ఎంపిక చేసేవారు ఉండరు. బహుమతి ఉండదు కనుక ఓటమీ ఉండదు. అమెరికాలో 1960ల నాటికే ఈ పద్ధతి బలపడింది. న్యూయార్కు నగరంలోని ‘గెర్డీస్ ఫోక్ సిటీ’ అనే చిన్న వేదికపై సోమవారం రాత్రులు ఔత్సాహికులకు విడిచిపెట్టేవారు. 2016లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన బాబ్ డిలాన్ 1961లో ఊరూ పేరూ లేని కుర్రవాడిగా పాడిన వేదికల్లో అదొకటి. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటి ఆవరణలో 2010లో వెలసిన ‘లామకాన్’ ఈ అలవాటును తెలుగు నేలకు దగ్గర చేసింది. అక్కడ కవిత చదివేవారు, హాస్యం చెప్పేవారు, గిటారు పట్టుకొని పాడేవారు ఒకే మైకు ముందు నిలబడ్డారు.

ఇది పట్నవాసపు సరదా అనీ, పల్లెకు దీనితో పని లేదనీ భావించేవారున్నారు. నిజానికి దీని పేరు మాత్రమే కొత్తది. నంద్యాల జిల్లాలోని గోస్పాడు వంటి ఊళ్లకు ఆ పేరు తెలియని కాలంలోనే ఆ పని తెలుసు.

కుందూ నది పరీవాహక ప్రాంతంలో, నల్లరేగడి నేలల నడుమ ఉన్న మండల కేంద్రం గోస్పాడు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. ఇక్కడికి దక్షిణంగా ఆళ్లగడ్డ, ఆపైన నల్లమల కొండల్లో అహోబిలం ఉన్నాయి. తాళ్లపాక అన్నమాచార్యులు అహోబిల మఠానికి చెందిన శఠగోప యతి వద్ద వేదాంత రహస్యాలు నేర్చాడని ప్రతీతి. ఇంతటి సంకీర్తన సంప్రదాయం చేరువలో ఉన్న సీమ ఇది. అయితే ఆ సంప్రదాయాన్ని రైతు ఇంటి దాకా మోసుకొచ్చినవారు పండితులు కారు. పగలంతా గుంటక తోలి, కోత కోసి, రాత్రి భోజనాలయ్యాక రామాలయం ముందు చేరిన భజనపరులే దాన్ని మోశారు.

రాయలసీమ పల్లెల్లో చెక్క భజనకు ఉన్న ఆదరణ ప్రసిద్ధమే. చేతుల్లో చిరుబిళ్లలు పొదిగిన కొయ్య చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుముకు బిగించిన వస్త్రం; ఇంతే అలంకారం. గురువు ఒక చరణం అందుకుంటాడు. బృందమంతా దాన్ని తిరిగి పాడుతూ, చెక్కలు వాయిస్తూ, వరుసలు మార్చుతూ అడుగులు వేస్తుంది. రామాయణ, భాగవత కథలు పాటలై సాగుతాయి. మెల్లగా మొదలైన తాళం వడి అందుకొనే సరికి చూసేవారి కాళ్లు కూడా నేల మీద నిలవవు.

ఈ భజనలో గమనింపదగిన సూక్ష్మం ఒకటి ఉంది. కొత్తగా చేరిన కుర్రవాణ్ణి వరుస చివర నిలబెట్టేవారు. అతడు తాళం తప్పినా, శ్రుతి కలవకపోయినా, ఇరవై గొంతుల హోరులో ఆ తప్పు కలిసిపోయేది. తప్పు అతనికి తెలిసేది. ఊరికి తెలిసేది కాదు. కొన్ని నెలలు గడిచాక వరుసలో ముందుకు జరిగేవాడు. ఒకనాటి రాత్రి గురువు గొంతు బొంగురుపోతే చరణం అందుకొనే భారం అతనిపై పడేది. తనకు పాట వచ్చునని అతడు ఆ రాత్రే తెలుసుకొనేవాడు. ఎదుట అరుగుల మీద కూర్చున్నవారు నిన్న పాడినవారో, రేపు పాడబోయేవారో అయి ఉండేవారు. చెక్కలు పట్టిన చేయి ఎంత నొస్తుందో తెలిసిన శ్రోత తొందరపడి నవ్వడు. ఔత్సాహికుడికి దక్కగలిగిన అత్యుత్తమ శ్రోత అతడే.

అయితే గడిచిన కాలమంతా బంగారమని చెప్పడం సత్యదూరం అవుతుంది. రామాలయం మెట్లు అందరినీ ఎక్కనివ్వలేదు. ఊరికి ఎడంగా ఉంచబడినవారు తమ వాడల్లో తాము వేరుగా భజన గుడులు కట్టుకొని పాడుకోవలసివచ్చింది. స్త్రీల మాట చెప్పనక్కరలేదు. తెలుగు వాగ్గేయకారుడు త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులోనే ఆరాధనోత్సవాల్లో స్త్రీలకు పాడే అవకాశం చాలాకాలం లేకపోయింది. 1920లలో తన సొమ్ముతో ఆ సమాధికి ఆలయం కట్టించిన విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మకే ఆ వేదిక దక్కలేదు! ఆమె వెనుదిరగలేదు. స్త్రీలతో వేరుగా ఉత్సవం జరిపించి, 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటయ్యే నాటికి ఆ తలుపు తెరిపించింది. నేడు ఆ ఆరాధనలో పంచరత్న కృతులను స్త్రీపురుషులు, విద్వాంసులు, విద్యార్థులు కలిసి కూర్చుని పాడుతున్నారు. సాధారణ గాయకులకు కూడా కొద్ది నిమిషాల చొప్పున సమాధి ఎదుట పాడే భాగ్యం కలుగుతున్నది. పేరు నమోదు చేసుకున్నవారికి కొలిచి ఇచ్చే ఆ కొద్ది నిమిషాలకూ, నగరంలోని ఓపెన్ మైకుకూ గల పోలిక ఎంత దగ్గరిదో చెప్పనవసరం లేదు. రాయలసీమలోనూ గోడలు కరిగిన సందర్భాలు లేకపోలేదు. పీర్ల పండుగనాడు గుండం చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి అడుగు వేసి పాడడం ఈ సీమలో వింత కాదు.

మరి ఆ గొంతులు ఎందుకు సన్నగిల్లాయి? సినిమా వచ్చిందనీ, టెలివిజన్ వచ్చిందనీ సాధారణంగా చెబుతారు. అది కొంతవరకు నిజం. కాని అంతకు ముందే, ఎవరూ దోషిగా అనుమానించని వస్తువొకటి గుడి శిఖరం పక్కనే చేరింది. అది మైకు సెట్టు. భజనపరుల గొంతు ఊరంతటికీ వినిపించాలనే సదుద్దేశంతోనే దాన్ని తెచ్చారు. తెచ్చిన కొన్నాళ్లకు గ్రామఫోను రికార్డు, ఆ తరువాత క్యాసెట్టు, ఇప్పుడు పెన్‌డ్రైవు దానికి తోడైనాయి. తెల్లవారుజామున గుడి మీద నుండి ఘంటసాల గొంతు వినిపించసాగింది. ఘంటసాల పాడినచోట ఊరి కుర్రవాడు పాడగలడా? ధనుర్మాసంలో చలికి వణుకుతూ వీధులు తిరిగి పాడేవారి అవసరం తీరిపోయింది. మహాగాయకుల వల్ల తెలుగువారి చెవి సంస్కారం పొందిందనడంలో సందేహం లేదు. ఆ చెవే తన ఊరి గొంతును చిన్నచూపు చూసిందన్నది కూడా అంతే నిజం. అంతవరకు పక్క ఊరి భజన బృందంతో పోల్చుకొన్నవాడు హఠాత్తుగా దేశంలోకెల్లా మేటి గాయకునితో పోల్చుకోవలసివచ్చింది. పోల్చుకొని, మౌనం వహించాడు.

ఆ మౌనాన్ని భంగపరచిన గౌరవం కొంత టెలివిజన్‌కు కూడా ఇవ్వాలి. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రారంభించిన ‘పాడుతా తీయగా’ పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి ఎందరినో వెలుగులోకి తెచ్చింది. తప్పును నొప్పించకుండా దిద్దడం ఎలాగో ఆయన లక్షలాది ప్రేక్షకులకు చూపించారు. ఆయన కూడా ఔత్సాహికుడిగా మొదలైనవారే. ఇంజనీరింగు చదువు కోసం అనంతపురంలో చేరి, అనారోగ్యం వల్ల మధ్యలో విడిచి మద్రాసు చేరిన ఆయన, 1964లో ఔత్సాహిక గాయకుల పోటీలో ప్రథమ బహుమతి పొందారు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రంతో గాయకులయ్యారు. పోటీ లేనిదే ప్రతిభ బయటపడదని వాదించేవారికి ఇంతకంటె గొప్ప సాక్ష్యం దొరకదు.

ఆ వాదాన్ని తోసిపుచ్చడం సులభం కాదు. అయితే పోటీ చేసే పని వేరు, ఔత్సాహికుడికి కావలసింది వేరు. ఒక్కరిని నిలబెట్టడానికి పోటీ వందమందిని ఇంటికి పంపాలి. అది దాని ధర్మం. తప్పు పట్టవలసిన పని లేదు. ఇంటికి వెళ్లిన ఆ వందమంది మరునాడు ఎక్కడ పాడాలన్నదే ప్రశ్న. పైగా పోటీలు చూసి చూసి ప్రతి శ్రోతా న్యాయనిర్ణేత అయి కూర్చున్నాడు. కళాశాల వార్షికోత్సవంలో తోటి విద్యార్థి పాడుతుంటే వినడం మాని, శ్రుతి ఎక్కడ తప్పిందో చెప్పడానికి ఉబలాటపడేవారు కనబడతారు. జీవితంలో ఒక్క పాటైనా పాడనివారే ఇందులో ముందుంటారన్నది వేరే సంగతి.

ఫోను ఈ కొరత తీర్చిందని మరికొందరి అభిప్రాయం. తూర్పు గోదావరి ప్రాంతపు వడిసలేరు గ్రామానికి చెందిన పసల బేబి కూలి పనులు చేసుకొనే మహిళ. 2018లో ఆమె పాడుతుండగా చిత్రీకరించిన చిన్న దృశ్యం కొద్ది రోజుల్లోనే లోకమంతా తిరిగింది. సినీ సంగీత దర్శకులు ఆమెను పిలిచి పాడించారు. హర్షించదగిన సంఘటనే. కాని ఆమె గొంతు 2018లో పుట్టలేదు. అంతకుముందు ఆమె పాడిన ఏళ్లన్నీ ఏ వేదికకూ తెలియకుండా గడిచాయి. ఎవరో ఒకరు ఫోను బయటకు తీయకపోయి ఉంటే మిగిలిన ఏళ్లూ అలాగే గడిచేవి. అటువంటి అదృష్టం పట్టని గొంతులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. పైగా ఫోనులో పాడినవారికి ఎంతమంది చూశారో అంకె కనబడుతుంది; ఏ చరణం దగ్గర ముసలాయన తల ఊపాడో కనబడదు. పాటను దిద్దేది ఆ తల ఊపే.

ఓపెన్ మైకులోనూ లోపాలున్నాయి. అక్కడ కూడే శ్రోతల్లో ఎక్కువమంది తమ వంతు కోసం కాచుకొన్నవారే. కొందరు తమ పాట కాగానే చెప్పులు వేసుకొని వెళ్లిపోతారు. చివరగా పాడేవాడికి ఖాళీ కుర్చీలు మిగులుతాయి. అన్నింటికంటె పెద్ద లోపం, అక్కడ కొత్తవాడు ఒంటరి. చెక్క భజనలో అతని తప్పును కడుపులో దాచుకొన్న ఇరవై గొంతులు ఇక్కడ లేవు. మైకు ముందు నిలబడిన మొదటి రాత్రే వణికి, మరి రెండవసారి రానివారు ఉంటారు. భజనలో నేర్పు ఉంది, కాని తలుపు కొందరికి మూసి ఉంది. ఓపెన్ మైకులో తలుపు తెరిచి ఉంది, కాని చేయి పట్టుకొని నడిపించేవారు లేరు.

గోస్పాడు వంటి ఊరిలో ఈ రెండింటినీ కలపడానికి అడ్డేమీ లేదు. నెలకొక్క సాయంకాలం చాలు. బడి ఆవరణ అయితే ఏ కులంవారికీ, ఏ మతంవారికీ, ఆడపిల్లలకూ అడుగుపెట్టడానికి సంకోచం ఉండదు. ఊరిలో షామియానా అద్దెకిచ్చేవారి దగ్గర ఒక మైకు, ఒక స్పీకరు పెట్టె దొరుకుతాయి. పేర్లు రాయడానికి ఒక నోటుపుస్తకం కావాలి. మొదటి అరగంట అందరూ కలిసి పాడాలి. ఊరికి తెలిసిన భజన పాటైనా, నాట్ల పాటైనా, పీర్ల పాటైనా సరే, గొంతులు ఒకదానిలో ఒకటి కలిసి బెదురు తీరాలి. ఆ తరువాతనే ఒక్కొక్కరి వంతు. సినిమా పాట పాడేవాడిని తక్కువగానూ, కీర్తన పాడేవాడిని ఎక్కువగానూ చూడకూడదు. చెక్క భజన నేర్పిన వృద్ధులు ఇంకా ఉన్న ఊళ్లలో వారిని పిలిచి కూర్చోబెట్టాలి. న్యాయనిర్ణేతలుగా కాదు, తాళం వేయడానికి. బహుమతులిస్తామని దాతలు ముందుకు రావడం ఖాయం. వారిని మర్యాదగా వారించి, ఆ సొమ్ముతో ఒక హార్మోనియమో, ఒక జత తబలాలో కొనిపించడం మేలు. కప్పు ఇచ్చిన మరుక్షణం ఆ సాయంకాలం మళ్లీ పోటీ అవుతుంది.

నోటుపుస్తకంలో మొదటి పేరు ఎవరిదన్నదే అసలు చిక్కు. ఎవరికి వారు పక్కవాణ్ణి మోచేతితో పొడుస్తారే తప్ప లేచి రారు. గొంతు బాగున్న విద్యార్థిని మొదట నిలబెడితే మిగిలినవారు మరింత ముడుచుకుపోతారు. అంతగా పాట రాని ఉపాధ్యాయుడో, ఊరి పెద్దో ముందుగా లేచి, ఒక పల్లవి పాడి, రెండవ చరణం మరచిపోయి, నవ్వుతూ వచ్చి కూర్చోవాలి. ఆ తరువాత పుస్తకం వెనుక వరుసలోకి వెళుతుంది.