కార్డు కొనొద్దు, చేద్దాం!

 

డిసెంబరు నెల వచ్చేసింది. ఇంక మన హాస్టల్లో ఎవరి నోట విన్నా గ్రీటింగు కార్డుల మాటే. సంత రోజున ఫ్యాన్సీ షాపు ముందు మనవాళ్లదే గుంపు. ఇంటి దగ్గర అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చిన పది, ఇరవై రూపాయలు అక్కడే ఖర్చయిపోతున్నాయి. కార్డు మీద గులాబీ పువ్వో, మంచు పడిన ఇల్లో ఉంటుంది. లోపల ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఉంటాయి. మనం చేసేదల్లా కింద పేరు రాయడమే. ఈ విషయం గూర్చి నా అభిప్రాయం మన గోడ పత్రిక ద్వారా తెలియజేయదలచాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

నా అభిప్రాయం ఒక్కటే. ఇంటికి పంపే కార్డు మనమే చెయ్యాలి. దానికి కొత్త కాగితం ముట్టకూడదు. అచ్చులు మనమే కోసుకోవాలి. డబ్బులు మిగులుతాయని మాత్రమే నేను ఈ మాట అనడం లేదు. నాకు జరిగినది చెప్తాను, వినండి.

నేను ఏడో తరగతిలో ఉండగా పదిహేను రూపాయలు పెట్టి ఒక కార్డు కొన్నాను. సంతకు వచ్చిన నాన్న చేతికి ఇచ్చి అమ్మకు పంపాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి చూస్తే ఆ కార్డు కవరు తియ్యకుండా చూరులో దోపి ఉంది. "అదేటమ్మా, సూడలేదా?" అని అడిగాను. "ఏటో ఇంగిలీసు బావూ. నువ్వొచ్చి సదివి సెప్తావని దాసినాను" అంది. సరే అని చదవబోతే, అందులో రెండు మాటలకు నాకే అర్థం తెలియలేదు. అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. మరి ఆ కార్డు ఎవరు ఎవరికి పంపినట్టు? మీరే ఆలోచించండి.

మరుసటి సంవత్సరం చేతిలో డబ్బులు లేక కార్డు నేనే చేశాను. ఆఫీసు గదిలో తీసేసిన పాత క్యాలెండరు వెనక తెల్లగా ఉంటే ఆ ముక్క అడిగి తీసుకున్నాను. వంటగదిలో పారేసిన బెండకాయ తొడిమల్తో పూలు అద్దాను. మధ్యలో నా బొటనవేలి ముద్ర వేసి, దానికి ముక్కు, కాళ్లు గీసి పిట్టను చేశాను. ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఈసారి ఇంటికి వెళ్లేసరికి ఆ కార్డు గోడకు మేకు కొట్టి ఉంది. మా పక్కింటి పిన్ని వస్తే అమ్మ చెప్తోంది. "ఇది బెండకాయ. ఈ పిట్ట మా గుంటడి ఏలు." అంటే మా అమ్మ ఆ కార్డును తనంతట తాను చదివింది! ఎవరి చేతా చదివించుకోలేదు.

ఇప్పుడు ఇంకో మాట రాస్తాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. సెలవులకు మనల్ని తీసుకెళ్లడానికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆఫీసు రిజిస్టరులో సంతకం పెట్టాలి కదా. సంతకం రానివాళ్లు స్టాంపు ప్యాడు మీద బొటనవేలు నొక్కి ముద్ర వేస్తారు. ఆ సమయంలో మనలో కొంతమంది నవ్వుతారు. కొంతమంది ఆ నాన్న మా నాన్న కాదన్నట్టు ముఖం అటు తిప్పుకుంటారు. నేను రెండోరకం వాడిని. కానీ ఆ సంక్రాంతికి నేను తిరిగి బయల్దేరేటప్పుడు అమ్మ ఏం చేసిందో తెలుసా? దీపం బుడ్డి మసి వేలికి రాసుకుని, అదే క్యాలెండరు ముక్క ఇంకోటి ఉంటే దాని మీద తన వేలిముద్ర వేసింది. పక్కన చెల్లి చేతా వేయించింది. "నాది కూడా ఒకటి ఉంచుకో" అని ఇచ్చింది. అది నా ట్రంకు పెట్టెలో ఉంది. నేను అందుకున్న గ్రీటింగు కార్డులలో అదే మొదటిది. ఆ తరువాత రిజిస్టరు దగ్గర నేను ముఖం తిప్పుకోలేదు. వేలిముద్ర కూడా అచ్చే. దానిలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. దాన్ని చూసి నవ్వడం దేనికి?

కొనే కార్డు గొప్పది, చేసే కార్డు చిన్నది అని కొందరు అన్నయ్యలు అంటున్నారు. ఈ కార్డులు ఎలా మొదలయ్యాయో చూడండి. 1843లో లండన్ నగరంలో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్‌కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకపోయింది. జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. ఒక్కో కార్డు ఒక షిల్లింగు. ఆ రోజుల్లో కూలివాడికి అది పెద్ద మొత్తమే. అంటే తీరిక లేనివాళ్లు, డబ్బున్నవాళ్లు మొదలుపెట్టిన పద్ధతి అది. మనకు ఆదివారం మధ్యాహ్నం తీరిక ఉంది, డబ్బే లేదు. మరి వారి పద్ధతి మనకెందుకు?

ఇంకో కార్డు కథ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక చెకోస్లొవేకియా దేశంలోని ఒక పల్లెటూరి పిల్లలకు యునిసెఫ్ సంస్థ సాయం చేసింది. ఆ ఊరి బడిలో చదివే ఏడేళ్ల పాప కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. ఆ బొమ్మనే యునిసెఫ్ వారు 1949లో తమ మొట్టమొదటి గ్రీటింగు కార్డుగా అచ్చు వేశారు. ఏడేళ్ల పాప వేసిన బొమ్మ దేశాలు దాటింది. మన బొమ్మ కొండ దాటి మన ఊరికి వెళ్లలేదా?

ఇక అచ్చుల సంగతి. అచ్చు వెయ్యడం మనవాళ్లకు కొత్త విద్య కాదు. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీ గుడ్డలు ఈనాటికీ చెక్క అచ్చులతో అద్దుతున్నారు. టేకు చెక్క మీద పువ్వు చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, లోపల రంగు నింపడానికి వేరే అచ్చు ఉంటాయి. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో తడుపుతారు. పాత ఇనుము, బెల్లం కలిపి నానబెట్టి నల్లరంగు తీస్తారు. కరక్కాయ మన కొండల్లోనూ దొరికేదే కదా! మనకు టేకు చెక్క అక్కరలేదు. బెండకాయ తొడిమ వైపు అడ్డంగా కోస్తే అయిదు మూలల పువ్వు వస్తుంది. ఎలాగూ పారేసే ముక్కే గనుక కూర తగ్గదు. మొలకెత్తిన, పాడైన బంగాళాదుంపను రెండుగా కోసి, గుడ్డతో తడి తుడిచి, పైన ఆకు గీసి చుట్టూ చెక్కితే ఆకు అచ్చు తయారు. అరిగిపోయిన రబ్బరు ముక్క ఇంకా మంచిది, నాలుగు రోజులైనా కుళ్లదు.

ఒక జాగ్రత్త. అక్షరాలు చెక్కితే తిరగేసి చెక్కాలి. మన ఆఫీసు రబ్బరు స్టాంపు దగ్గరగా చూడండి, దాని మీద అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. కిందటేడు ఎనిమిదో తరగతి వాళ్లు "శుభం" అని తిన్నగా చెక్కి అద్దితే, అద్దంలో చూస్తే గాని చదవడం కాలేదు. పల్చటి కాగితం మీద రాసి, వెనక్కి తిప్పి, ఆ గీతల మీద చెక్కితే సరిపోతుంది. బ్లేడు పని తొమ్మిది, పది తరగతుల వాళ్లే చెయ్యాలి. చిన్నవాళ్లు అద్దే పని చూసుకోవాలి.

రంగులు ఎక్కువైతే కార్డు అందంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. స్కెచ్ పెన్నుల పెట్టెలో ఉన్న పన్నెండు రంగులూ ఒకే కార్డు మీద వేస్తే జాతరలో రంగులరాట్నంలాగ ఉంటుంది, కన్ను ఎక్కడా నిలవదు. మన సవర మిత్రుల ఊళ్లలో ఇంటి గోడ బొమ్మలు చూసినవాళ్లకు తెలుసు. ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండి తెలుపు. రెండే రంగులు. మనుషులు, చెట్లు, జంతువులు, సూర్యుడు, చంద్రుడు అన్నీ ఆ రెండింటిలోనే కనిపిస్తాయి. ఇక్కడ ఒక మనవి. ఆ బొమ్మలు పూజ కోసం వేసేవి. పెద్దల్ని అడక్కుండా వాటిని కార్డుల మీదకు దించవద్దు. రంగుల పొందిక మాత్రం నేర్చుకుందాం.

నేను చూసి తెలుసుకున్నది ఏమిటంటే, కాగితం రంగును కూడా ఒక రంగుగా లెక్కపెట్టాలి. పుస్తకాలకు అట్ట వేసే ఖాకీ కాగితం మీద తెలుపు బాగా తేలుతుంది, నీలం మునిగిపోతుంది. తెల్ల క్యాలెండరు ముక్క మీద పసుపు, ఎరుపు బాగుంటాయి. ఆ రెండూ ఒకే గిన్నెలో పుడతాయి. నీళ్లలో పసుపు కలిపితే పసుపు రంగు. అందులో చిటికెడు సున్నం వేస్తే ఎరుపు. ఒక తల్లి పిల్లలు గనుక రెండూ పక్కపక్కనే పొందిగ్గా ఉంటాయి. అయితే పసుపు ఎండకు వెలిసిపోతుంది, అందుకని కార్డును నీడలోనే ఆరబెట్టాలి. సున్నం చెయ్యి కంట్లో పెట్టుకోకూడదు. బియ్యప్పిండి ఆరాక రాలిపోకుండా కొంచెం తుమ్మజిగురు కలపాలి. రంగు నేరుగా పొయ్యకుండా, పాత గుడ్డ మడత పెట్టి పళ్లెంలో తడిపి, దాని మీద అచ్చు నొక్కి తీస్తే మరకలు కావు.

కాగితాల గూర్చి గట్టిగా చెప్పాలి. కిందటేడు కొంతమంది ప్రభుత్వం ఇచ్చిన కొత్త నోటు పుస్తకాలలో నడిమి కాగితాలు చింపి కార్డులు చేశారు. అది మంచి పని కాదు. పరీక్షలప్పుడు ఆ పుస్తకాల్లోనే పేజీలు చాలలేదు. మన చుట్టూ ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఎంత ఉందో చూడండి. పాత క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు, అయిపోయిన నోటు పుస్తకాల అట్టలు, సబ్బుపెట్టెల అట్టలు, పాత ప్రశ్నపత్రాలు. ప్రశ్నపత్రం పల్చగా ఉంటే రెండు కలిపి మెతుకులతో అంటిస్తే గట్టి అట్ట అవుతుంది. మెతుకు ఎక్కువ పెడితే మాత్రం చీమలు పడతాయి, అది నా అనుభవం!

ఈ పనికి అభ్యంతరాలు ఉన్నాయని నాకు తెలుసు. చదువు పాడవుతుందని, గదులు చెత్త అవుతాయని వార్డెన్ మాస్టారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కిందటేడు డార్మిటరీ నేల మీద రంగు పడి మూడు రోజులు పోలేదు, కడిగింది మాత్రం ఆరో తరగతి తమ్ముళ్లు. అందుకే ఒక్క ఆదివారం మధ్యాహ్నం, ఆరుబయట చెట్టు కింద చేసుకుందాం. చేసినవాళ్లే ఊడ్చాలి. పదో తరగతి వాళ్లకు ఒక గంట చాలు. ఫోనులో మెసేజ్ పెడితే పోదా అని కూడా కొందరు అంటారు. హాస్టల్లో మనకు ఫోను లేదు. మా ఊళ్లో సిగ్నలు కావాలంటే గట్టు ఎక్కి చింతచెట్టు దగ్గర నిలబడాలి. పైగా మెసేజ్‌ని గోడకు మేకు కొట్టలేం కదా.

చివరగా వార్డెన్ మాస్టారికి మూడు విన్నపాలు. ఒకటి, పాత కాగితాలు చిత్తు కాగితాలవాడికి తూకానికి వేసే ముందు ఒకవైపు ఖాళీగా ఉన్నవి మాకు ఇప్పించండి. రెండు, ఆఫీసు స్టాంపు ప్యాడు ఆ ఒక్క రోజు వాడుకోనివ్వండి. మూడు, సెలవులకు మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు రిజిస్టరు పక్కన ఒక ఖాళీ కార్డు కూడా పెట్టించండి. ఇష్టమున్నవాళ్లు దాని మీద ఒక వేలిముద్ర వేసి పిల్లలకు ఇస్తారు. అప్పుడు ఆ ముద్ర చూసి ఎవరూ నవ్వరు.

మిత్రులారా! ఈ సంవత్సరం సంత రోజున ఫ్యాన్సీ షాపు ముందు నిలబడినప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ కార్డు మీ ఇంట్లో ఎవరు చదువుతారు? చదివేవాళ్లు లేకపోతే, మీ పది రూపాయలు జేబులోనే ఉంచుకుని వంటగది వైపు రండి. బెండకాయ తొడిమలు నేను దాచి ఉంచుతాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి.